డెల్టా పట్టణాల్లో మూతబడ్డ షట్టర్లు: అద్దెలు, దొంగతనాలు, మారిపోయిన బేరాలు

కొవ్వూరు_వారధి
అందరికీ నమస్కారమండి. వర్తక సంఘం తరఫున మున్సిపాలిటీకి వినతిపత్రం రాయాలి. పాత మెయిన్ రోడ్లమీద టు-లెట్ బోర్డులు పెరుగుతున్నాయి, మున్సిపల్ కాంప్లెక్సుల్లో పై అంతస్తు సంగతి చెప్పనక్కర్లేదు. ఖాళీ పడ్డ రూముల చుట్టూ సీసాలు, తాళాలు పగలగొట్టడం, రాగి వైర్లు పీక్కుపోవడం మొదలవుతోంది. "ఆన్‌లైన్ వచ్చి కొంప ముంచింది" అని ఒక్క ముక్క రాస్తే ఆఫీసులో ఎవరూ చదవరు. అద్దె, పన్ను, భద్రత, పార్కింగు, వీటిలో దేనికి ఏం అడగాలి, మనంతట మనం చేసుకోగలిగింది ఏమిటి? లెక్కతో చెప్పండి. ఎవరి కొట్టు ఎలా పోయిందన్న కథలు వద్దండి.

అద్దెలెక్క (తణుకు)
అద్దె దగ్గర మొదలుపెడదామండి, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

200 అడుగుల రూము, నెల అద్దె 15,000 అనుకోండి. కరెంటు 2,500, ఒక గుమాస్తాకి 12,000, సంచులు, టీలు, రిపేర్లు 1,500. మొత్తం 31,000. బట్టల కొట్టయి నూటికి పాతిక మిగిలితే, యజమాని జేబులో రూపాయి పడకముందే నెలకి 1,24,000 అమ్మాలి. నెలకి 26 రోజులు తెరిస్తే రోజుకి 4,770. అదే కిరాణా అయితే నూటికి పది మిగిలితే గొప్ప, రోజుకి 11,900 పైన అమ్మాలి. మొబైల్ షాపుకి ఫోన్ల మీద వచ్చేది ఇంకా తక్కువ, వాళ్లు కవర్లూ గ్లాసులూ రిపేర్ల మీద బతుకుతారు. వరసలో అందరికీ ఒకటే అద్దె కడితే తక్కువ లాభం మీద నడిచేవాళ్లు ముందు వెళ్లిపోతారు. వాళ్లే రోజూ జనాన్ని రప్పించేవాళ్లు. కిరాణా, పాలు, టిఫిను పోయాక ఆ సందులోకి రోజూ రావాల్సిన పని ఎవరికీ ఉండదు.

ఇక ఓనరు వైపు లెక్క. 20,000 వచ్చే రూము ఎనిమిది నెలలు ఖాళీగా ఉంటే 1,60,000 పోయింది. అదే 15,000కి వెంటనే ఇస్తే నెలకి పోయేది 5,000. అంటే ఎనిమిది నెలల ఖాళీ, 32 నెలల తగ్గింపుతో సమానం. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి, నోటితో చెబితే ఎవరూ వినరు.

కొవ్వూరు_వారధి
మరి తెలిసి కూడా ఎందుకు తగ్గించరండీ?

అద్దెలెక్క (తణుకు)
పక్క రూముల వాళ్లూ అదే అడుగుతారన్న భయం ఒకటి. అద్దె చూపించి బ్యాంకులో లోను తీసుకున్నవాళ్లకి అగ్రిమెంటులో అంకె తగ్గితే ఇబ్బంది. అన్నదమ్ముల వాటాలు తేలని బిల్డింగులైతే ఎవరూ సంతకం పెట్టరు. ఓనరు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటే ఇక్కడ చూసే మేనేజరుకి తగ్గించే అధికారం ఉండదు. చివరి రకానికి మందు సులువు: "ఇంతవరకు తగ్గించవచ్చు" అన్న మాట ఆయనకిచ్చే పవరాఫ్ అటార్నీలోనే రాయించాలి.

అంకె తగ్గించకుండా భారం తగ్గించే దారి ఉంది. అద్దె 20,000 అనే రాసుకుని, ఫర్నిచర్ పనికి మొదటి మూడు నెలలు అద్దె లేదు, తర్వాత ఆరు నెలలు 14,000, ఆ పైన పూర్తిగా అని అగ్రిమెంటులోనే పెట్టండి. నోటి ఒప్పందం వద్దు, మనిషి మారితే మాట మారుతుంది. అడ్వాన్సు కూడా పది నెలలది అడగొద్దు, మూడు నెలలు చాలు. కొత్తగా పెట్టేవాడి డబ్బంతా అడ్వాన్సులో ఇరుక్కుంటే సరుకు సగమే దింపుతాడు, సగం ఖాళీ రాకులు చూసి జనం రెండోసారి రారు.

"అద్దెకిస్తే ఖాళీ చెయ్యరు" అనే భయం గురించి ఒక మాట. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఇప్పుడు చాలా షాపులకి వర్తించదు. నెల అద్దె కార్పొరేషన్లలో 3,500, మిగతా ఊళ్లలో 2,000 దాటిన రూములని 2005 సవరణతోనే ఆ చట్టం బయట పెట్టేశారు. రిజిస్ట్రేషను తప్పించుకోవాలని అందరూ 11 నెలలది రాసుకుంటారు. కానీ ఫర్నిచరుకి మూడు లక్షలు పెట్టేవాడికి 11 నెలల కాగితం ఏ ధైర్యమూ ఇవ్వదు. మూడేళ్ల రిజిస్టర్డ్ లీజు, మొదటి ఏడాది లాక్-ఇన్ (మధ్యలో ఖాళీ చెయ్యకూడదన్న షరతు), ఇద్దరికీ అదే క్షేమం.

చెరువుగట్టు (భీమవరం)
అద్దెలెక్క గారూ, లెక్క బాగుంది. కానీ మీరు 12 నెలలూ ఒకే బేరం అనుకుంటున్నారు, మన దగ్గర అలా ఉండదు కదండీ. డబ్బు పంటతో వస్తుంది. సార్వా నవంబరు, డిసెంబరుల్లో, దాళ్వా ఏప్రిల్, మేలో. రొయ్యల చెరువైతే వనామి మూడు నాలుగు నెలల పంట.

రొయ్యల డబ్బు బజారుకి ఎలా చేరుతుందో చూడండి. పట్టుబడి అయ్యాక ముందు మేత డీలరు బాకీ, తర్వాత చెరువు లీజు, కరెంటు, డీజిలు, సీడు, మందుల బాకీ. అవన్నీ పోగా మిగిలిందే బట్టలకీ బంగారానికీ. ధర కాస్త తగ్గితే మేత డీలరుకి తగ్గదు, బజారుకి వచ్చే ఆ చివరి భాగమే మాయమవుతుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి తీసుకెళ్లినప్పుడు చెరువు దగ్గర ధర పడింది. ఆ దెబ్బ భీమవరం, పాలకొల్లు, నరసాపురం కొట్లకి తగిలేది ఈ దారినే. ఆన్‌లైన్‌ని ఒక్కదాన్నే తిడితే ఈ భాగం కనపడదు.

అందుకని అద్దెని కూడా పంటకి కట్టండి. డిసెంబరు, జనవరి, ఏప్రిల్, మే, ఈ నాలుగు నెలలు అద్దె 140 శాతం. మిగతా ఎనిమిది నెలలు 80 శాతం. 15,000 అద్దెకి నాలుగు నెలలు 21,000 చొప్పున 84,000, ఎనిమిది నెలలు 12,000 చొప్పున 96,000. కలిపితే 1,80,000, ఓనరుకి సాలుకి రూపాయి తగ్గలేదు. ఆషాఢంలో అద్దె కట్టలేక తాళం వేసే కొట్టు మాత్రం నిలబడుతుంది.

అద్దెలెక్క (తణుకు)
ఇది నాకు నచ్చింది. ఒక జాగ్రత్త: తక్కువ అద్దె నెలలు నడిపి, ఎక్కువ అద్దె నెల రాగానే ఖాళీ చేసిపోయేవాళ్లు ఉంటారు. లీజు జూన్‌లో మొదలుపెట్టకండి, డిసెంబరులో మొదలుపెట్టండి. అడ్వాన్సు పెద్ద అద్దె మీద లెక్కకట్టండి.

జీఎస్టీ సంగతి కూడా చేర్చాలి, దీని మీద చాలా గందరగోళం ఉంది. ఓనరుకి జీఎస్టీ నంబరు లేక, అద్దెకున్నవాడికి ఉంటే, 2024 అక్టోబరు 10 నుంచి 18 శాతం పన్ను అద్దెకున్నవాడే కట్టాలి. రెగ్యులర్ డీలరైతే ముందు నగదుగా కట్టి, తర్వాత తను కట్టాల్సిన పన్నులో దాన్ని క్రెడిట్‌గా తగ్గించుకుంటాడు. అమ్మకం మీద చిన్న శాతం మాత్రమే కట్టే కాంపోజిషన్ డీలర్లకి క్రెడిట్ లేదు కాబట్టి మొదట్లో వాళ్ల నెత్తిన పడింది, 2025 జనవరి 16 నుంచి వాళ్లని తప్పించారు. ఇప్పటికీ కాంపోజిషన్ వాళ్లచేత కట్టిస్తున్న ఆడిటర్లుంటే ఆ తేదీ చూపించండి.

పురపాలిక_పద్దు (అమలాపురం)
ప్రైవేటు రూముల మాట సరే. మున్సిపల్ కాంప్లెక్సులో జబ్బు వేరండి, అది సూత్రంలోనే ఉంది. లీజు మూడేళ్లకోసారి రెన్యువల్, ప్రతిసారీ అద్దె మూడో వంతు పెంపు. మొత్తం 25 ఏళ్లు దాటితే బహిరంగ వేలం. మూడో వంతే కదా అనిపిస్తుంది. ఎనిమిది రెన్యువళ్లు గుణించండి: 3,000తో మొదలైన రూము 24 ఏళ్లకి 30,000కి చేరుతుంది. పదింతలు! సాలుకి పది శాతం వడ్డీతో పెరిగిన లెక్క. ఆ రోడ్డులో బేరం అంత పెరిగిందా లేదా అని ఆ సూత్రం చూడదు. బైపాస్ పడి జనం అటు మళ్లినా అద్దె పెరుగుతూనే ఉంటుంది.

రూము ఖాళీ అయ్యాక అసలు చిక్కు. పాత అద్దె ఆధారంగా, పాట మొదలయ్యే కనీస ధర, అంటే అప్‌సెట్ ధర కడతారు. పాటకి ఎవరూ రారు. మళ్లీ ప్రకటన, మళ్లీ ఎవరూ రారు. ధర తగ్గించి ఫైలు రాస్తే రేపు ఆడిట్‌లో అభ్యంతరం వస్తుందేమోనని గుమాస్తా దగ్గర్నుంచి కమిషనర్ దాకా వెనకాడతారు. కాబట్టి వినతిపత్రంలో "అద్దె తగ్గించండి" అని రాయకండి. "ఇన్నిసార్లు వేలం వేసినా పాటదారు రాలేదు గనుక, చుట్టుపక్కల ప్రైవేటు రూముల అద్దె తనిఖీ చేయించి, ఆ మేరకు అప్‌సెట్ ధర సవరిస్తూ తీర్మానం చేసి పై అధికారుల ఆమోదానికి పంపగలరు" అని రాయండి. పాలకవర్గం లేని ఊళ్లలో ప్రత్యేకాధికారికి అదే మాట. వాళ్లకి కావలసింది ఆధారం. చుట్టుపక్కల పది ప్రైవేటు రూముల అద్దె అగ్రిమెంట్ల నకళ్లు జత చేస్తే ఫైలు కదులుతుంది.

దానికి ముందు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మున్సిపల్ ఆఫీసుకి రుసుము 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. అడగాల్సినవి: రూము నంబరు, విస్తీర్ణం, లీజుదారు, ప్రస్తుత అద్దె, బకాయి, ఖాళీ పడ్డ తేదీ, వేలం వేసిన తేదీలు, ఒక్కోదానికి ఎంతమంది వచ్చారు. ఎందుకంటే కొన్ని చోట్ల పాటదారు వేరు, కొట్టు నడిపేవాడు వేరు. తక్కువకి తీసుకుని ఎక్కువకి మారుబేరానికి ఇస్తే అసలు మార్కెట్ అద్దె ఎంతో అక్కడే బయటపడుతుంది.

ఆస్తిపన్ను గురించి క్లుప్తంగా. 2021 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో పన్ను అద్దె విలువ మీద కాదు, మూలధన విలువ (స్థలం, కట్టడం ఖరీదు) మీద. అంటే అద్దె తగ్గినంత మాత్రాన పన్ను తగ్గదు. రిజిస్ట్రేషన్ విలువలు సవరించినప్పుడు పన్నూ కదులుతుంది, కాకపోతే ఏడాదికి 15 శాతం మించి పెరగకూడదన్న పరిమితి ఉంది. ఖాళీ కాలానికి మినహాయింపు కోరే వేకెన్సీ రెమిషన్ దరఖాస్తు మున్సిపల్ సేవల్లో ఉంది. ఖాళీ పడిన వెంటనే రాతపూర్వకంగా పెట్టి రసీదు తీసుకోండి, ఏడాది గడిచాక అడిగితే తనిఖీకి ఏమీ మిగలదు. బకాయి పెడితే నెలకి 2 శాతం వడ్డీ.

పట్టణ_ప్రణాళిక (కాకినాడ)
ఇక్కడ అమెరికా సబర్బుల అనుభవం ఒకటి పనికొస్తుంది, అనుకరించమని కాదు గానీ తేడా తెలుసుకోవడానికి. డెట్రాయిట్ పక్కన సౌత్‌ఫీల్డ్‌లో నార్త్‌లాండ్ సెంటర్ అనే మాల్ 1954లో తెరిచారు, 2015లో మూసేశారు. ఆ మాల్స్ నిలబడింది ఒకటి రెండు పెద్ద దుకాణాల మీద. ఆ పెద్ద దుకాణం పోతే అద్దె తగ్గించుకునే హక్కు చిన్నవాళ్లకి లీజులోనే ఉండేది, దాంతో ఒకటి పోగానే మిగతావి వరసగా పోయేవి. కాలిఫోర్నియాలాంటి చోట అమ్మకపు పన్నులో, అమ్మిన ధర మీద ఒక శాతం మేర ఆ ఊరికే వస్తుంది, అందుకే ఊళ్లు పోటీపడి పెద్ద దుకాణాలను పిలిచాయి, పోయినప్పుడు ఖజానాకి వెంటనే దెబ్బ తగిలింది.

మన మున్సిపాలిటీకి జీఎస్టీలో నేరుగా వాటా రాదు. మెయిన్ రోడ్డులో అమ్మకాలు సగమైపోయినా మున్సిపల్ ఖాతాలో ఏమీ కనపడదు, ఆస్తిపన్ను బకాయి పడినప్పుడే తెలుస్తుంది. అప్పటికి మూడు నాలుగేళ్లు దాటిపోతాయి. కనుక ఖాళీల లెక్క వర్తక సంఘమే కట్టాలి. ఆరు నెలలకోసారి, అదే రోడ్డు, అదే చివర నుంచి నడుస్తూ: తెరిచి ఉన్నవి, తాత్కాలికంగా మూసినవి, ఖాళీవి, గోడౌనుగా మారినవి. ఆ నాలుగోది మర్చిపోకండి. షట్టరు తెరిచే ఉంటుంది, లోపల అట్టపెట్టెలు తప్ప బేరం ఉండదు. వీధికి అదీ ఖాళీ కిందే లెక్క.

మన ఊళ్లలో జనాన్ని లాగేది పెద్ద దుకాణం కాదు. బస్టాండు, సినిమా హాలు, రైతుబజారు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు, ప్రభుత్వాసుపత్రి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టాక భీమవరం, అమలాపురం, రాజమహేంద్రవరాలకి కలెక్టరేట్లు వచ్చాయి, కాకినాడ, ఏలూరులకి పరిధి తగ్గింది. కొత్త ఆఫీసు ఊరి బయట ఎకరాల్లో కట్టాలని చూస్తారు. ఆ ఆఫీసుకి రోజూ వచ్చే మనిషి స్టాంపు కాగితం, జిరాక్సు, టీ, భోజనం, పిల్లలకి పెన్సిళ్లు కొంటాడు. అన్నీ ఒక్కసారే బయటికి పోకుండా, జనం పని ఎక్కువగా ఉన్న కౌంటర్లని ఖాళీ మున్సిపల్ పై అంతస్తుల్లో పెట్టమని అడగండి. వినతిపత్రంలో అన్నిటికన్నా ఫలితం ఇచ్చేది ఇదేనని నా అభిప్రాయం.

ఖాళీ ఉంచితే జరిమానా అన్న మాట కూడా వస్తుంది. ఇంగ్లండ్‌లో 2024 డిసెంబరు నుంచి, రెండేళ్లలో 365 రోజులకు మించి ఖాళీగా ఉన్న హైస్ట్రీట్ (ఊరి ప్రధాన బజారు) దుకాణాన్ని స్థానిక సంస్థ వేలంలో అద్దెకివ్వవచ్చు. ఇక్కడ దానికి చట్టం లేదు, దాని జోలికి పోయి సమయం పోగొట్టుకోకండి.

కోనసీమ_కుట్టు (అమలాపురం)
పై అంతస్తు మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నాను అన్నయ్యా. అది ఎందుకు ఖాళీగా ఉంటుందో తెలియాలంటే మెట్లు చూడండి. చాలా కాంప్లెక్సుల్లో మెట్లు వెనక సందులో ఉంటాయి, మూడడుగుల వెడల్పు, మలుపులో బల్బు ఉండదు, మరుగుదొడ్డికి తాళం. సాయంత్రం ఆరు దాటాక ఆడవాళ్లు ఎక్కరు. బ్లౌజు కొలత ఇవ్వడానికి, ట్యూషన్ నుంచి పిల్లని తీసుకెళ్లడానికి, ల్యాబులో రక్తం ఇవ్వడానికి వచ్చేది ఎక్కువగా ఆడవాళ్లే.

కావలసింది ఎక్కువేం కాదు. రోడ్డు వైపు నుంచి నాలుగడుగుల ఇనుప మెట్లు, రెండు వైపులా చేతిపట్టు, మెట్టు ఎత్తు ఏడంగుళాలకి మించకుండా. మలుపులో లైటు, దాని స్విచ్చు ఏదో ఒక కొట్టులో కాకుండా కామన్ మీటరు మీద. మరుగుదొడ్డి తాళంచెవి పై అంతస్తు వాళ్ల దగ్గర. కింద మెట్ల దగ్గర పై కొట్ల పేర్లన్నిటితో ఒకే బోర్డు. పై అంతస్తుకి దారిన పోయేవాళ్లు కొనే బేరం పెట్టకండి, పని మీద వెతుక్కుంటూ వచ్చే బేరం పెట్టండి: కుట్టు, మగ్గం వర్కు, ఆడిటరు, లాయరు, ట్యూషన్, కళ్లద్దాలు. కింద 15,000 ఉంటే పైన ఆరు వేలు దాటితే ఎవరూ రారు.

ఇంకో మార్పు లెక్కలోకి తీసుకోండి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి చార్జీ లేదు. రానూపోనూ బస్సు చార్జీ ఉన్నప్పుడు పక్క ఊళ్లో కొనే మనిషికి ఇప్పుడు రావులపాలెం అయినా, రాజమండ్రి అయినా ఖర్చు ఒకటే. చిన్న ఊరి బట్టల కొట్టు దీనివల్ల కొంత కోల్పోతుంది. పెద్ద ఊళ్లో బస్టాండుకి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న రూములకి విలువ పెరుగుతుంది. చిన్న ఊళ్లవాళ్లు రెడీమేడ్ వదిలి, మళ్లీ మళ్లీ రావలసిన పనులు పట్టుకోవాలి: ఆల్టరేషన్లు, ఫాల్స్, పీకో, సర్వీసింగు. చీర రాజమండ్రిలో కొన్నా బ్లౌజు ఇక్కడే కుట్టించుకుంటారు.

చెరువుగట్టు (భీమవరం)
అక్కా, ఆ చివరి మాట నిజం. తోపుడుబళ్ల సంగతి ఏమంటారు? షాపు ముందే బండి పెట్టుకుంటే అద్దె కట్టేవాడు ఏమైపోవాలి అని సంఘంలో గొడవ.

కోనసీమ_కుట్టు (అమలాపురం)
బళ్లు తీసేస్తే ఆ రోడ్డుకి వచ్చే జనం కూడా తగ్గుతారు తమ్ముడూ. 2014 వీధి వ్యాపారుల చట్టం ఉంది. పట్టణ వెండింగ్ కమిటీలో 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, సర్వే అయ్యేదాకా లేపకూడదు. షాపుల వాళ్లు ఆ కమిటీలో కూర్చుని స్థలం మాట్లాడుకోవాలి. ఖాళీ షట్టర్ల ముందు బళ్లకి గీతలు గీయించండి, తెరిచిన కొట్టు గుమ్మం వదిలేయండి. ఖాళీ రూము ముందు రాత్రి తొమ్మిదిదాకా పునుగుల బండి ఉంటే అక్కడ సీసాలు పగిలే పని ఉండదు. నిలదొక్కుకున్న బండివాడికి ఆ రూములోనే సగం ఇవ్వండి. 10 బై 20 రూముని మధ్యలో అల్యూమినియం పార్టిషన్‌తో రెండు కౌంటర్లు చేసి, సబ్ మీటరు పెట్టి 7,500 చొప్పున ఇస్తే ఓనరుకి అదే 15,000. వీధి వ్యాపారులకి కేంద్రం ఇప్పించే పీఎం స్వనిధి లోను మొదటి విడత ఇప్పుడు 15,000, తర్వాత 25,000, ఆ పైన 50,000. బండి నుంచి కౌంటరుకి మారేవాడికి సరుకు పెట్టుబడి అక్కడ దొరుకుతుంది.

షట్టర్_మేస్త్రి (కాకినాడ)
భద్రత గురించి నేను రాస్తానండి. పది అడుగులు దాటిన షట్టరుకి కింద రెండు మూలల తాళాలు చాలవు. మధ్యలో రాడ్డు దూర్చి ఎత్తితే పట్టీలు వంగి మనిషి దూరేంత సందు వస్తుంది, మూలల తాళాలు మాత్రం అలాగే ఉంటాయి. సెంటర్ లాక్ తప్పనిసరి. దాని కొక్కెం కాంక్రీటులో కనీసం ఆరంగుళాలు దిగాలి. టైలు మీద స్క్రూలతో బిగించింది ఒక్క పోటుకి ఊడొస్తుంది. పట్టీ 18 గేజి అంటే దగ్గర దగ్గర 1.2 మిల్లీమీటర్లు. చవగ్గా వస్తుందని 22 గేజి వేస్తే 0.7 మాత్రమే, చేత్తో నొక్కితే సొట్టపడుతుంది. అంకె పెరిగేకొద్దీ రేకు పల్చన, బేరం ఆడేటప్పుడు ఇక్కడే మోసపోతారు.

కాకినాడ, నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి షట్టరు అడుగు పట్టీ ముందు తుప్పు పడుతుంది. జీఐ (జింకు పూత) రేకు తీసుకోండి, అడుగు పట్టీకి రెండు కోట్ల ప్రైమర్ కొట్టండి. ఖాళీ రూమైనా పదిహేను రోజులకోసారి పూర్తిగా ఎత్తి దించాలి, లేకపోతే స్ప్రింగు పట్టేస్తుంది. అద్దెకి చూడ్డానికి వచ్చినవాడి ముందు షట్టరు లేవకపోతే బేరం అక్కడే పోతుంది.

ఎదురుగా మొత్తం మూసే రేకు షట్టరు కన్నా, పై రెండడుగులు జాలీ ఉన్నది మేలు. లోపల 9 వాట్ల ఎల్ఈడీ రాత్రి 12 గంటలు వెలిగితే నెలకి 3.24 యూనిట్లు. బీటు కానిస్టేబుల్ టార్చి వెయ్యకుండానే లోపల చూడగలడు.

మన పల్లపు నేలలో ఖాళీ రూముకి దొంగ కన్నా తేమ ఎక్కువ నష్టం చేస్తుంది. నీళ్లు పైనే ఉంటాయి కాబట్టి గోడ అడుగున మూడడుగులదాకా ఉప్పు పొంగి ప్లాస్టరు రాలుతుంది. వెంటిలేటరు మూసెయ్యకండి. వారానికి రెండు గంటలు తెరిచి ఉంచండి. బాత్రూము డ్రెయిను ట్రాపులో నీళ్లు ఆరిపోతే కంపూ బొద్దింకలూ దారి పట్టేది అక్కడినుంచే, నెలకి రెండుసార్లు ఒక చెంబెడు నీళ్లు పొయ్యండి.

బీటు_పుస్తకం (రాజమహేంద్రవరం)
షట్టర్_మేస్త్రి గారు చెప్పినదానికి కొనసాగింపుగా. ఖాళీ రూములో దొంగలు చూసేది సరుకు కాదు, రాగి. ఏసీ అవుట్‌డోర్ యూనిట్, దాని పైపు, మెయిన్ కేబులు. ఖాళీ చేసిన రోజే అవుట్‌డోర్ యూనిట్ లోపలికి దించండి, కరెంటాఫీసులో లోడు తగ్గించుకోవడానికి దరఖాస్తు పెట్టండి. మీటరు తిరగకపోయినా కిలోవాట్ లెక్కన ఫిక్స్‌డ్ చార్జీ వస్తూనే ఉంటుంది.

కెమెరాల్లో తప్పు ఎక్కడ జరుగుతుందంటే ఎత్తులో. పన్నెండడుగుల పైన పెడితే నెత్తి, టోపీ తప్ప ముఖం పడదు. వీధి మొత్తానికి ఒకటి ఎత్తులో ఉండొచ్చు, కానీ రాకపోకల మలుపు దగ్గర ఒకటి ఎనిమిది, తొమ్మిది అడుగుల ఎత్తులో ముఖానికి ఎదురుగా ఉండాలి. రెండో తప్పు హార్డ్ డిస్క్. ఒక కెమెరా సెకనుకి 2 మెగాబిట్ల చొప్పున రాస్తే రోజుకి దగ్గర దగ్గర 22 జీబీ. నాలుగు కెమెరాలకి రోజుకి 86 జీబీ, ఒక టీబీ డిస్కు 11 రోజుల్లో నిండి పాతది చెరిపేస్తుంది. 2013 నాటి ప్రజా భద్రత చట్టం, జనం గుమికూడే సంస్థలకి 30 రోజుల రికార్డింగు అడుగుతుంది. వీధికి కూడా అదే ప్రమాణం పెట్టుకోండి, నాలుగు కెమెరాలకి 4 టీబీ. డీవీఆర్ (రికార్డింగు పెట్టె) కౌంటరు కింద పెట్టకండి, దాన్నే ఎత్తుకుపోతారు. కరెంటు పోయినప్పుడు ఆగకుండా ఇన్వర్టరు మీద వెయ్యండి, నాలుగు కెమెరాల సెట్టు 50 వాట్లు దాటదు.

డీవీఆర్ గడియారం నెలకోసారి సరిచూడండి. గంట తేడా ఉన్న ఫుటేజి కోర్టులో చిక్కు తెస్తుంది. ఇచ్చేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ధ్రువపత్రం జతచెయ్యాలి. పెన్‌డ్రైవ్ ఒక్కటే ఇస్తే చాలదు.

దొంగతనం జరిగితే లోపలికి వెళ్లి సర్దకండి. 112కి ఫోను చేసి, ఫిర్యాదులో బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 305, 331 సెక్షన్లకి సరిపడే వివరం ఇవ్వండి: తాళం పగిలిందా, షట్టరు వంగిందా, వెనక కిటికీయా. కొనుగోలు బిల్లులు పట్టుకెళ్లండి. ఇన్సూరెన్సుకి బలవంతంగా చొరబడ్డ గుర్తు కావాలి. ఫైర్ పాలసీలో భవనం 30 రోజులు మించి ఖాళీగా ఉంటే కంపెనీకి తెలియజేసి ఎండార్స్‌మెంటు రాయించుకోవాలన్న షరతు ఉంటుంది. ఖాళీ రూముల ఓనర్లు చాలామంది ప్రీమియం కడుతూనే కవరు పోగొట్టుకుంటారు.

గంజాయి అనుమానం ఉంటే 1972కి చెప్పండి, అది మత్తుమందుల మీద పనిచేసే ఈగల్ పోలీసు విభాగం నంబరు. బీటు గురించి స్టేషనులో అడగవలసిన మాట ఒకటుంది: పాయింట్ బుక్ (బీటు కానిస్టేబుల్ సంతకం పెట్టే పుస్తకం) మెయిన్ సెంటరులో కాకుండా ఖాళీ వరస మధ్యలో పెట్టించండి. సంతకానికి కానిస్టేబుల్ అక్కడిదాకా నడవాలి, ఆ నడకే కావలసింది.

పట్టణ_ప్రణాళిక (కాకినాడ)
లోపల కనపడే షట్టరు మేలన్న మాటకి బయటి రుజువు కూడా ఉంది. ఫిలడెల్ఫియాలో 2011 నుంచి, వదిలేసిన భవనాలకి చెక్కలు కొట్టడం కాదు, పని చేసే తలుపులూ కిటికీలూ పెట్టాలని నిబంధన తెచ్చారు. అలా చేసిన భవనాల చుట్టూ దాడులు తగ్గాయని తర్వాత పరిశోధనలో తేలింది. మన జాలీ షట్టరూ, లోపలి బల్బూ అదే పని చేస్తాయి.

పార్కింగు గురించి ఎవరూ రాయలేదు. వంద మీటర్ల రోడ్డు ఒక పక్క 20 కార్లు పడతాయి, అదే చోట 130 బైకులు పడతాయి. మన కొనుగోలుదారు బైకు మీదే వస్తాడు. కానీ ఆ వంద మీటర్లలో పదడుగుల ముఖం ఉన్న కొట్లు 33 ఉంటాయి. ఒక్కో కొట్టు నుంచి ఓనరుదీ గుమాస్తాదీ రెండు బైకులు పొద్దున్నే పెడితే 66, అంటే సగం జాగా బేరానికి ముందే నిండింది. ఖాళీ థియేటరు ఆవరణో, మున్సిపల్ ఖాళీ స్థలమో సిబ్బంది బైకులకి అడగండి. దీనికి ఖర్చు లేదు.

కొవ్వూరు_వారధి
చాలా సంతోషమండి అందరికీ. వినతిపత్రంలో మూడే పెడుతున్నాను: అప్‌సెట్ ధర సవరణ తీర్మానం, పై అంతస్తులో ప్రభుత్వ కౌంటర్లు, రోడ్డు వైపు మెట్లు, లైట్లు. మిగతావి సంఘం తీర్మానాలు. వేకెన్సీ రెమిషన్ కూడా కలపనా?

పురపాలిక_పద్దు (అమలాపురం)
కలపకండి, అది ఎవరి రూముకి వాళ్లు విడిగా పెట్టుకోవాల్సిన దరఖాస్తు. మీ మూడింటిలో మొదటిదానికి సమాచార హక్కు జవాబు జత చెయ్యాలి, కాబట్టి ముందు ఆ పది రూపాయల దరఖాస్తు వేసి, జవాబు వచ్చాకే వినతిపత్రం ఇవ్వండి. ఇంకొకటి: ఏప్రిల్ 30 లోపు ఏడాది ఆస్తిపన్ను ఒకేసారి కడితే 5 శాతం రాయితీ ఉంటుంది. సంఘం సభ్యులు పన్ను కట్టిన రసీదుల జాబితా కూడా వినతిపత్రం వెనక కుట్టండి.